సుర్మా ఎడమకాలు

ఇరమ్ తమ గుర్రం సుర్మా ముందరి ఎడమకాలి మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. గుర్రానికి మోకాలి కింద, గిట్టకు పైన, వెనకవైపు తాడులా బిగిసిన నరం ఒకటి ఉంటుంది. ఉరికేటప్పుడు ఒంటి బరువంతా దాని మీదే పడుతుంది. కుడికాలి నరం చల్లగా ఉంది. ఎడమకాలిది వేడిగా ఉంది. వాపు పైకి తెలిసేంత లేదు గానీ, బొటనవేలితో నొక్కగానే సుర్మా చెవులు వెనక్కి వాల్చి కాలు మెల్లగా లాక్కుంది.

"ఎండకు నిలబడ్డది ఆపా. గందుకే గరమ్ ఉన్నది," అన్నాడు తమ్ముడు జియా.

"ఎండ ఒక్క కాలుకే తగిలిందా?"

జియా నీళ్ల బకెట్ తీసి పక్కకు జరిపాడు. తెల్లవారితే పందెం. పందెపు గుర్రాలను చూసి, ఏది ఉరకవచ్చో ఏది ఉరకకూడదో చెప్పవలసిన డాక్టర్ ఇరమే.

వాళ్లది మెదక్ ఖిల్లా కింద గల్లీలో పాత ఇల్లు. తాత టాంగా నడిపాడు. ఆటోలు వచ్చి టాంగాలు పోయాక తండ్రి జలాల్ రెండు తెల్ల గుర్రాలు పెట్టుకుని పెళ్లి ఊరేగింపులకు తిప్పడం మొదలుపెట్టాడు. ఇరమ్ పశువైద్యం చదివి అల్లాదుర్గ్ పశువుల దవాఖానలో ఉద్యోగంలో చేరింది. ఆమె తమ్ముడు జియాకు చదువు అబ్బలేదు. మీసాలు రాకముందే పట్నం వెళ్లి రేసుకోర్సులో చేరాడు. పొద్దున్నే గుర్రాలను ఉరికించి అలవాటు చేసే పని. లైసెన్స్ ఇచ్చి జాకీని చేస్తామని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి ఆశపెట్టి, చివరకు బరువు పెరిగావని పక్కన పెట్టారు.

అదే ఏడు సుర్మా కాలు దెబ్బతింది. కాటుకలాంటి నల్లటి ఆడగుర్రం, అందుకే ఆ పేరు. రెండు రేసులు గెలిచింది. ఎడమకాలి నరం చీలాక దాన్ని ఎవరికో తోలెయ్యడానికి లారీ మాట్లాడారు. ఆ లారీలు ఎక్కడికి పోతాయో రేసుకోర్సులో పనిచేసేవాళ్లు ఒకరినొకరు అడగరు. జియా, యజమాని కాళ్లావేళ్లా పడి దాన్ని మెదక్ తెచ్చుకున్నాడు. ఏడాది పాటు అక్కాతమ్ముళ్లిద్దరూ ఆ కాలికి సేవ చేశారు. ఇరమ్ మందు చెప్పేది, జియా పొద్దుమాపు మర్దన చేసి, మంజీర ఇసుకలో నడిపించేవాడు. కుంటు పోయింది. నడక వచ్చింది. ఆ తర్వాత ఒకరోజు, ఎవరూ అడగకముందే, సుర్మా దానంతట అదే పరుగు అందుకుంది.

ఆ పరుగు చూసినవాళ్లలో ఇంద్రకరణ్ ఒకడు. పాత పటేళ్ల కుటుంబం. ఇప్పుడు కాంట్రాక్టులు, రాజకీయం. తండ్రి పేరు మీద గుర్రప్పందెం పెడుతున్నానని ఊరంతా ఫ్లెక్సీలు కట్టించాడు. బాదల్ అనే బూడిదరంగు గుర్రాన్ని బయటినుంచి తెప్పించాడు. ఒకసారి చౌరస్తాలో పదిమంది ముందు జియాను పిలిచి, "నీ పెండ్లి గుర్రాన్ని గూడ పట్టుకరా, బాదల్ తోక చూసిపోతది," అని నవ్వాడు. ఆ నవ్వు జియా మనసులో నాటుకుపోయింది.

పందెం వద్దని కలెక్టర్ ఆఫీసుకు అర్జీ పెట్టింది లిడియా టీచర్. చర్చి కాంపౌండ్ దగ్గర ఉంటుంది. వీధికుక్కలకు టీకాలు వేయిస్తుంది, సంతలో మూతులు కట్టేసిన పశువులను చూస్తే పోలీసులను పిలుస్తుంది. ఊళ్లో సగంమంది ఆమెను మెచ్చుకుంటారు, సగంమంది ఆమె కనబడితే గల్లీ మారుతారు. ఇరమ్‌కు బడిలో సైన్సు చెప్పింది ఆమే. అర్జీ మీద విచారణ జరిగి, డాక్టర్ పరీక్ష చేసి ఒప్పుకున్న గుర్రాలే ఉరకాలన్న షరతుతో అనుమతి వచ్చింది. తన తమ్ముడి గుర్రం కూడా ఉందని ఇరమ్ ముందే చెప్పింది. "అయితే దాన్ని ఇంకా గట్టిగా చూడు," అన్నాడు పై అధికారి.

ఆ సాయంత్రమే లిడియా టీచర్ ఇరమ్ వాళ్లింటికి వచ్చింది. అన్ని గుర్రాలనూ కాదని చెప్పెయ్యమంది. అది తన చేతిలో లేదని, కాళ్లు, గుండె, ఊపిరి బాగుంటే కాదనడానికి వీల్లేదని ఇరమ్ చెప్పింది.

"కాళ్లు మంచిగుంటే ఉరికిచ్చుడు న్యాయమైతదా ఇరమ్? వీపు మీద మనిషిని ఎక్కిచ్చుకుంటనని అది ఒప్పుకున్నదా?"

పక్క కొట్టంలో గడ్డి వేస్తున్న జియా ఆ మాట విని బయటికి వచ్చాడు. పందెం ఆపితే గుర్రాలు సుఖంగా ఉంటాయని టీచర్ అనుకుంటున్నట్టుంది గానీ, ఉరకని గుర్రాన్ని ఎవడూ ఊరికే మేపడని, అది ఎక్కే లారీని తాను కళ్లారా చూశానని అన్నాడు. అసలు ఆ లారీ వరకూ తెచ్చేది పందెమే కదా అని లిడియా అడిగింది. మాటా మాటా పెరిగింది. జలాల్ లోపలినుంచి దగ్గాడు. ఇంట్లో పెద్దాయన దగ్గితే ఇక చాలని అర్థం. లిడియా లేచి వెళ్లిపోయింది. ఇరమ్ ఎవరి వైపూ మాట్లాడలేదు. ఆమె అరచేతిలో ఆ కాలి వేడి ఇంకా ఉన్నట్టే అనిపిస్తోంది.

పందెం స్థలం హవేలీఘన్‌పూర్ దిక్కు ఇంద్రకరణ్ పొలం. యాసంగి వరి కోశాక నేలను డోజర్‌తో చదును చేయించాడు. పైన దుమ్ము, కింద ఇటుకలా గట్టిపడిన మట్టి. ఇరమ్ పొద్దున్నే వెళ్లి మడమతో నేలను తన్ని చూసింది. కాలు అదిరింది. నీళ్లు పట్టి మెత్తగా చెయ్యమంటే, రెండు ట్యాంకర్ల నీళ్లు చల్లించారు. అవి ఎండకు ఎప్పుడో ఆరిపోయాయి.

రేగోడ్ దిక్కు నుంచి, ఇంకా అవతల నుంచి గుర్రాలు వచ్చాయి. ఒక్కొక్క దాన్నీ నడిపించి, తిప్పించి, గుండె విని, కాళ్లు పట్టి చూసింది. బాగున్న దాని భుజం మీద నీలిరంగు గుర్తు వేసింది. బాదల్ నిక్షేపంగా ఉంది. దానికీ గుర్తు వేసింది. చివర జియా సుర్మాను తెచ్చాడు. తలకు కొత్త కళ్లెం, జూలు దువ్వి ఉంది. ఎడమకాలికి రాత్రంతా తడిగుడ్డ చుట్టి ఉంచినట్టు వెంట్రుకలు అణిగి ఉన్నాయి.

ఆమె వంగి కాలు పట్టింది. వేడి తగ్గలేదు.

లేచి తమ్ముడి ముఖంలోకి చూసి, రంగు బ్రష్ డబ్బాలో పెట్టేసింది. మైకు దగ్గర ఉన్నవాడితో, సుర్మా ఉరకదని చెప్పింది. జనంలో గొణుగుడు మొదలైంది. సొంత తమ్ముడికి అన్యాయం చేసిందని కొందరు, ఓడిపోతుందని భయపడి అక్కతో ఆపించుకున్నాడని ఇంకొందరు. జియా పెదవి కొరుక్కుని గుర్రాన్ని వేపచెట్టు కిందికి తీసుకుపోయాడు. అక్కడే కట్టాడు గానీ, ఇంటికి తీసుకుపోలేదు. ఆ సంగతి ఇరమ్ అప్పుడు పట్టించుకోలేదు.

పందెం జరిగింది. బాదల్ సులువుగా గెలిచింది. ఏ గుర్రమూ పడలేదు, ఏదీ కుంటలేదు. తహసీల్ ఆఫీసు వాళ్లు భోజనం చేసి జీపెక్కి వెళ్లిపోయారు. ఇరమ్ కూడా సంచి సర్దుకుంటుండగా, మైకులో ఇంద్రకరణ్ గొంతు వినిపించింది. తండ్రి పేరు మీద పెట్టిన పందెం అయిపోయిందని, ఇప్పుడు జరిగేది సర్కారుతో సంబంధం లేని, రెండు గుర్రాల సరదా జోడీ అని, బాదల్‌కు ఎదురుగా రేసుకోర్సు రాణి సుర్మా దిగుతుందని చెప్పాడు. జనం ఒక్కసారిగా తాడు దగ్గరికి తోసుకొచ్చారు. వాళ్లు వచ్చిందే దానికోసం.

ఇరమ్ సంచి అక్కడే పడేసి పరుగెత్తింది. అప్పటికే జియా జీను మీద ఉన్నాడు. ఆమె పోయి కళ్లెం పట్టుకుంది.

"దిగు జియా."

"నీ డ్యూటీ అయిపోయింది గదా ఆపా."

"డ్యూటీ సంగతి చెప్తలేను. నిన్న నేను నొక్కితే అది కాలెట్ల గుంజుకున్నదో నువ్వు చూసినవ్."

"దాన్ని లారీ ఎక్కియ్యబోతుంటే తెచ్చుకున్నోన్ని నేను. ఏడాది సంది ఆ కాలు నా చేతులల్ల ఉన్నది. దానికి నొప్పి అయితుంటే నాకు తెల్వదా?"

"తెలుసు. గందుకే నిన్ను అడుగుతున్న."

జియా చూపు తిప్పుకున్నాడు. ఒక్క క్షణం పగ్గాలు సడలాయి. దిగుతాడనే అనుకుంది. అప్పుడే పక్కన బాదల్ మీద ఉన్నవాడు ఏదో అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. జియా దవడ బిగుసుకుంది. మడమలతో తట్టగానే సుర్మా ముందుకు కదిలింది. కళ్లెం ఇరమ్ వేళ్లలోంచి జారిపోయింది.

ఆమె బందోబస్తుకు ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్లలో ఒకతని దగ్గరికి వెళ్లింది. అతను వెంటనే ఎస్సైకి ఫోన్ చేశాడు. వస్తున్నారు, దారిలో ఉన్నారు అన్నాడు. ఇంతమందిని తామిద్దరే ఆపలేమని, తాడు దాటకుండా చూస్తే అదే చాలని అతని ముఖమే చెబుతోంది. ఇరమ్ జెండా పట్టుకున్నవాడి వైపు మళ్లింది. జనంలో దారి లేదు. మోచేతులతో నెట్టుకుంటూ సగం దూరం పోయేసరికి అరుపు లేచింది. జెండా దిగింది.

పొలం చివరి దాకా నేరుగా పోయి, అక్కడ పాతిన గుంజను చుట్టి వెనక్కి రావాలి. మొదట బాదల్ ముందుంది. దాని గిట్టల దుమ్ములో సుర్మా కనబడలేదు. గుంజ దగ్గర బాదల్ వెడల్పుగా తిరిగింది. ఆ సందులోంచి సుర్మా లోపలివైపు దూరి, నల్లటి బాణంలా బయటికి వచ్చింది. జనం గొంతులు పగిలేలా కేకలు వేశారు. చౌరస్తాలో నవ్వినవాళ్లే ఇప్పుడు జియా పేరు పిలుస్తున్నారు. సుర్మా మెడ చాచి, ఒళ్లంతా సాగదీసి, నేలను తాకీతాకనట్టు వస్తోంది. ఇరమ్ డాక్టర్ అయి ఉండకపోతే ఆమెకూ అది అందంగానే కనిపించేది.

ఆమె కాళ్లను చూడటం లేదు. ఆ వేగంలో కాళ్లు కనబడవు. తలను చూస్తోంది. ముందరికాలు నొచ్చే గుర్రం ఆ కాలు నేల మీద ఆనేటప్పుడు తల పైకి ఎగరేస్తుంది. తల నిలకడగా ఉంది. ఇంకా నిలకడగానే ఉంది. తరువాత ఒక్కసారి చిన్నగా పైకి లేచింది. తన కళ్లు మోసం చేశాయనుకుంది. మళ్లీ లేచింది.

"ఆపు," అంది. తన గొంతు తనకే వినబడలేదు.

బాదల్ నాలుగు గుర్రాల దూరం వెనకబడి ఉంది. ముగింపు తాడు దగ్గరికి వచ్చేసింది. ఇంకొక్క దమ్ము పడితే అయిపోయేది. అప్పుడు జియా జీను మీద నిటారుగా లేచాడు. పగ్గాలు రెండూ ఛాతీ దాకా లాగాడు. ఏం జరుగుతోందో ఎవరికీ అర్థం కాలేదు. సుర్మా ఆగడానికి ఒప్పుకోలేదు. నోరు తెరిచి, పళ్లు బయటపెట్టి, ముందుకే గుంజుతోంది. అతను వెనక్కి వాలి, పగ్గం ఒకవైపు తిప్పి, దాన్ని తాడు పక్కనున్న మెత్తటి గట్టు మీదికి మళ్లించాడు. బాదల్ వాళ్లను దాటిపోయింది. సుర్మా పూర్తిగా ఆగకముందే జియా దూకాడు, దూకుతూనే మోకాళ్ల మీద పడ్డాడు, పాకుతూ వచ్చి దాని కాలు పట్టుకున్నాడు.

తరువాత తిట్లు. అమ్ముడుపోయాడన్నారు. కావాలనే ఓడాడన్నారు. చెప్పులు వచ్చి పడ్డాయి, నీళ్ల సీసాలు వచ్చి పడ్డాయి. ఒకటి సుర్మా పక్కటెముకలకు తగిలి అది బెదిరి ఉరకబోతే, జియా దాని మెడకు అడ్డంగా నిలబడ్డాడు. తరువాతి సీసా అతని వీపుకు తగిలింది. కానిస్టేబుళ్లు ఇద్దరూ లాఠీలు ఊపుతూ మధ్యలోకి వచ్చారు. ఇరమ్ చెరుకురసం బండి దగ్గర ఐసు గడ్డను గోనెసంచితో సహా లాక్కుని, జనాన్ని తోసుకుంటూ చేరుకుంది.

జియా మళ్లీ కూర్చుని సుర్మా కాలిని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

"ఆపా, తెగిందా?"

ఆమె వేళ్లతో పైనుంచి కిందికి తడిమింది. ఒకచోట వేలు లోపలికి దిగినట్టయింది. ఇంకాస్త నొక్కి చూసింది. కింద నరం బిగువుగా తగిలింది.

"తెగలే. చీలింది. ఇంక పది అడుగులు ఉరికితే తెగుతుండె."

అతను ఏడవలేదు. ఐసు ముక్కలు పగలగొట్టి ఆమె చేతికి అందిస్తూ కూర్చున్నాడు.

మరునాటికి ఆ వీడియో జిల్లా అంతా తిరిగింది. లిడియా పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చింది. డాక్టర్ కాదన్న గుర్రాన్ని ఉరికించినందుకు కేసు. పొలం ఇంద్రకరణ్‌దే గానీ, జోడీ పెట్టింది ఎవరని అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. బాదల్ కూడా కాగితాల్లో ఆయన జీతగాడు గాలయ్య పేరు మీద ఉంది. చివరకు జియా మీద, ఏమీ తెలియని గాలయ్య మీద కేసు నిలబడేలా ఉంది. ఇరమ్ స్టేట్‌మెంట్ ఇవ్వవలసి వచ్చింది.

స్టేట్‌మెంట్‌కు ముందురోజు పొద్దున ఇంద్రకరణే వాళ్లింటికి వచ్చాడు. జలాల్ కుర్చీ వేశాడు. ఆయన చాయ్ తాగాడు, తెల్ల గుర్రాలను చూసి బాగున్నాయన్నాడు, సుర్మా కాలికి చుట్టిన కట్టు చూసి అయ్యో అన్నాడు. తరువాత ఇరమ్ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"బిడ్డా, నేను జబర్దస్తీ చేస్తలేను. గుర్రం పొద్దుగాల మంచిగనే ఉండె, ఉరికినంక బెణికింది అని రాయి. అంతే. గట్ల రాస్తె కేసే లేదు. నీ తమ్ముడు బయటపడ్తడు, గుర్రం మీ ఇంట్లనే ఉంటది. కాదని రాసినవనుకో, ముందుగాల లోపలికి పోయేది ఎవరో నువ్వే ఆలోచన చెయ్యి."

"మరి గుర్తు ఎందుకు వెయ్యలేదని అడిగితే ఏం చెప్పాలె?" అంది ఇరమ్.

"తమ్ముని గుర్రం గదా, జనం మాట అంటరని ఎయ్యలేదని చెప్పు. ఎవరైనా నమ్ముతరు."

ఇంద్రకరణ్ వెళ్లిపోయాడు. ఇరమ్ తండ్రి ఏమంటాడోనని నిలబడి ఉంది. ఆయన ఖాళీ కప్పు తీసి లోపలికి పోబోతూ ఆగాడు.

"నా బిడ్డను అబద్ధం రాయమని నేను చెప్ప. నా కొడుకును జైలుకు తోలుమని గూడ చెప్ప. నన్ను అడగకు బేటీ."

కొట్టం గోడ వెనక జియా అంతా విన్నాడు. పందెం నాటి నుంచి అతను అక్కతో కాలి గురించి తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఇరమ్ వెళ్లి ఎదురుగా నిలబడింది.

"నువ్వు నిజం రాస్తె దీన్ని తీస్కపోతరు గదా?" అని అతనే అడిగాడు.

"తీస్కపోతరు."

"అబద్ధం రాస్తె?"

"వచ్చే ఏడు ఆయన మళ్ల జోడీ పెడ్తడు. డాక్టర్ వద్దన్నా ఏం కాదని అందరికీ తెలిసిపోతది. దీని మీద నువ్వు ఎక్కకపోవచ్చు. ఇంకొకదాని మీద ఇంకొకడు ఎక్కుతడు. వాడు ఆగబట్టడు."

జియా సుర్మా నుదుటి మీద నుదురు ఆనించి నిలబడ్డాడు. ఆమె కాసేపు చూసి వచ్చేసింది.

స్టేషన్‌లో ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. పందెం ముందురోజు సాయంత్రమే కాలు వేడిగా ఉందని, పొద్దున పరీక్షలో కాదన్నానని, తమ్ముడికి ఆ సంగతి తెలుసని. మైకులో జోడీ ప్రకటించింది ఇంద్రకరణేనని, ఆ గొంతు తాను విన్నానని. ముగింపు దగ్గర, గెలవబోతూ ఉండగా, తమ్ముడే గుర్రాన్ని ఆపాడని. రాసుకుంటున్న ఎస్సై కలం ఆపి, సొంత తమ్ముడే కదా మేడం, ఇంకోసారి చదువుకుంటారా అని అడిగాడు. ఆమె చదువుకుంది. సంతకం పెట్టింది.

జియా కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. జరిమానాతో పోయింది. గాలయ్యను వదిలేశారు. ఇంద్రకరణ్ పేరు కేసులో చేరింది గానీ, ఆయన వకీలు దాన్ని వాయిదాల మీద వాయిదాలు జరుపుతూనే ఉన్నాడు. చౌరస్తాలో జలాల్‌తో మాట్లాడేవాళ్లు తగ్గారు. ఆ ఎండాకాలం రెండు మూడు పెళ్లిళ్లకు గుర్రం వద్దని కబురు వచ్చింది.

సుర్మాను మనోహరాబాద్ దగ్గర ఉన్న పశువుల ఆశ్రమానికి పంపాలని కోర్టు చెప్పింది. లారీ వచ్చినప్పుడు లిడియా కూడా వచ్చింది. జలాల్ తాడు పట్టుకుని గుర్రాన్ని బయటికి తెచ్చాడు. అది మొరాయిస్తుందేమోనని అందరూ భయపడ్డారు. చిన్నప్పటి నుంచి లారీలకు అలవాటు పడిన గుర్రం. కుంటుతూనే, ఎవరూ తొయ్యకుండానే పలక మీదుగా ఎక్కి నిలబడింది. అది చూసి జలాల్‌కు కోపం వచ్చింది. తాడు డ్రైవర్‌కు ఇస్తూ లిడియాను అడిగాడు.

"టీచరమ్మా, పటాకుల నడుమ, బ్యాండు నడుమ నా తెల్ల గుర్రాలు నిలబడ్తయి. రేపు వాటిని గూడ తీస్కపోతరా?"

"ఇయ్యాల వాటి కోసం రాలేదు భాయ్."

"ఇయ్యాల కాదంటున్నరు. రేపు సంగతి చెప్తలేరు."

లిడియా అబద్ధం చెప్పలేకపోయింది. తల వంచుకుని లారీ ముందుసీటు ఎక్కింది. ఇంజన్ స్టార్ట్ అయ్యాక జియా ఇంట్లోంచి వచ్చాడు. ఎవరినీ అడగకుండా వెనకనుంచి ఎక్కి సుర్మా పక్కన నిలబడ్డాడు. డ్రైవర్ కుదరదన్నాడు. ఉండనివ్వమని లిడియా చెప్పింది. ఇరమ్ గుమ్మంలో నిలబడి ఉంది. తమ్ముడు ఆమె వైపు చూడలేదు.

అతను తిరిగి రాలేదు. ఆశ్రమంలో ఆవులు, గాడిదలు, ఒంటికన్ను ఒంటె ఒకటి, సర్కస్ వాళ్లు వదిలేసిన పొట్టిగుర్రాలు రెండు ఉన్నాయి. అక్కడే పనికి కుదిరాడని జలాల్ ద్వారా తెలిసింది. ఇరమ్ ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. వానలు పడ్డాయి. నాట్లు పడ్డాయి. అల్లాదుర్గ్‌లో గొర్రెలకు జబ్బు వచ్చి ఆమెకు ఊపిరి తీసుకునే తీరిక లేకపోయింది. రేగోడ్ దిక్కు ఎవరో కొత్తగా గుర్రప్పందెం పెట్టబోతున్నారని ఒకరోజు విన్నది. అక్కడికి డ్యూటీ వెయ్యమని తనే అడిగింది.

వానలు తగ్గుముఖం పట్టాక ఆశ్రమం వాళ్లు కాలు చూడటానికి రమ్మన్నారు. ఇరమ్ వెళ్లేసరికి లిడియా అక్కడే ఉంది. బడిపిల్లలకు ఒక కార్యక్రమం పెట్టిందట. పందేలు ఎందుకు ఆపాలో వచ్చి పిల్లలకు చెప్పమని జియాను అడుగుతోంది. జియా చీపురు పక్కన పెట్టాడు.

"గుర్రం ఉరకొద్దని నేను చెప్ప టీచర్. దానికి ఉరుకుడంటే ఇష్టం. కాలు గరమ్ ఉన్నదని ఎరుకుండి ఎక్కిన, గదొక్కటి చెప్త."

"ఇష్టమని నీకెట్ల తెలుసు? అది చెప్పిందా?"

"మరి నొప్పి అని మీకెవరు చెప్పిన్రు?"

లిడియా మెత్తబడలేదు, అతనూ మెత్తబడలేదు. "సరే, నీకు తెలిసిందే చెప్పు. కానీ రా," అని చెప్పి ఆమె ఆఫీసు గదిలోకి వెళ్లిపోయింది.

ఇరమ్ వంగి కాలు చూసింది. నరం దగ్గర గట్టి ముడి కట్టింది. చల్లగా ఉంది. సుర్మాను అటూ ఇటూ నడిపించి చూసింది. జియా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మళ్ల ఉరుకుతదా?"

తియ్యగా చెప్పే దారి కోసం ఆమె వెతకలేదు. "నడుస్తది. ఉరకది."

అతను తల ఊపాడు. చాలాసేపు సుర్మా జూలులో చిక్కులు తీస్తూ ఉండిపోయాడు. ఇరమ్ సంచి భుజాన వేసుకుని, బస్సు టైం అవుతోందని చెప్పి గేటు దాకా నడిచింది. వెనకనుంచి అతని గొంతు వినిపించింది.

"ఆపా, అన్నం అయింది. తిని పో."